రాయి మీద లేని పేరు

“ఆపినవేంది బిడ్డా? ఇంకా ఉంటది, చదువు,” అంది భాగ్యమ్మ.

“ఇంకేం లేదమ్మా. గంతనే,” అంది శ్రీవాణి.

అచ్చంపేట నుంచి ట్రాలీ ఆటోలో వచ్చిన నల్లరాయి వాకిట్లో గోడకు ఆనించి ఉంది. రేపు ఈస్టర్. పోయిన వానాకాలంలో కన్నుమూసిన ఇస్రాయేలు తలాపున ఈ రాయి నిలబెట్టి ప్రార్థన చేయాలి. భాగ్యమ్మకు చదువు రాదు. కూతురు చదువుతుంటే ఒక్కో వరుస మీద వేలు పెట్టి తడిమి చూసుకుంటోంది.

“మల్లొక్కపారి చదువు.”

శ్రీవాణి గొంతు సవరించుకుంది. “ప్రభువునందు నిద్రించిన ఇస్రాయేలు. భార్య భాగ్యమ్మ. కూతురు శ్రీవాణి.”

“కొడుకో?”

భాగ్యమ్మ వేలు అడుగు వరుస దాకా జారింది. అక్కడ చెక్కుడు లేదు. రాయి నున్నగా ఉంది.

ఆటో అతను తువ్వాలతో మెడ తుడుచుకుంటూ నసిగాడు. “నాకేం తెల్వదమ్మా. కొడుకు పేరు ఎయ్యొద్దని ఆ కూసున్న సారే ఫోన్ల చెప్పిండంట. కొడుకున్నోని రాయి మీద కొడుకు పేరు లేకుంటె మంచిగుండదని మా మేస్త్రే జాగ ఇడ్సిపెట్టిండు.” అని, ఈ ఇంట్లో ఇక నిలబడితే తనకూ వడ్డన తప్పదని తోచిందేమో, గబగబా బండి తిప్పుకుని పోయాడు.

అందరూ కొడుకు జితేందర్ వైపు చూశారు. అతను వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోను చూస్తున్నాడు. ఫోనులో ఏమీ లేదు. తెర కూడా వెలగడం లేదు.

“ఏందిరా గిది?” శ్రీవాణి మొదలుపెట్టింది. ఆమె మొదలుపెడితే ఎదురు చెప్పిన మొనగాడు లింగాలలో ఇంతవరకు లేడు. గద్వాలలో మెట్టినింటివాళ్లు కూడా చేతులెత్తేశారు. “నోరు ఇప్పు. నాయన రాయి మీద నీ పేరుంటే నీ ఇజ్జత్ పోతదా?”

“గట్ల కాదక్కా.”

“మరెట్ల? ఆయన కాల్వ పనులకు పోయి రాళ్ల దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు కరాబ్ జేస్కుండు. ఎవలికోసం? నిన్ను సారును జేసిండు. నేను పత్తి చేన్ల కూలికి పూలు గిల్లుకుంట ఉన్న, నన్ను సదివియ్యలే. దానికి నేనేమన్న అన్ననా? ఇయ్యాల సారుకు మన నాయన నామోషీ అయిండు!”

నామోషీ అన్న మాటకు జితేందర్ ఉలిక్కిపడ్డాడు. దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. శ్రీవాణికి మాత్రం ఆ సంగతి తెలియదు.

“వదినె, జర ఆగు,” అంది స్వరూప. జితేందర్ భార్య మామూలుగా గొంతెత్తే మనిషి కాదు. “నేనుగూడ అడిగి అడిగి యాష్టకొచ్చిన. మామ పోయినకాడికెల్లి గిదే వరస. మందిరానికి వస్తడు. పాటలు పాడ్తడు. బల్ల టైముకు ఫోన్ వచ్చిందని బయటికి పోతడు. ఒకనాడు అనుమానమొచ్చి ఆ ఫోను చూసిన. స్విచ్చాఫ్ చేసి ఉంది.”

జితేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే బల్ల ఆ చిన్న మందిరంలో చాటుగా జరిగేది కాదు. మనసులో తప్పు దాచుకున్నవాడు ఆ రొట్టె ముట్టకూడదంటారు. రొట్టె పళ్లెం వరుసలో చేతులు మారుతూ వస్తుంది. ఎవరు తీసుకున్నారో, ఎవరు తల వంచుకుని పక్కవాళ్లకు జరిపేశారో అందరికీ కనిపిస్తుంది. జరిపేసినవాడి గురించి ఆ వారమంతా కుళాయి దగ్గర మాటలే మాటలు. అందుకే జితేందర్ ఫోను సాకు పట్టుకున్నాడు. ఆ రొట్టె ప్రతి నెలా పెనం మీద కాల్చేది అతని తల్లే.

“అమ్మా, నువ్వన్నా అడుగు,” అంది శ్రీవాణి.

భాగ్యమ్మ అడగలేదు. ఆమె వేలు ఇంకా ఆ ఖాళీ వరుస మీదే ఉంది.

“రేపు మీ సారు ముందలన్నా జర మనిషి తీరుగ ఉండు,” అంది స్వరూప విసుగ్గా.

“ఏ సారు?”

“మీ స్కూలు కరస్పాండెంట్ సారు. మామది రాయి ప్రార్థన ఉంది, రాండ్రి సార్ అని ఫోన్ జేసి పిలిసిన. తప్పకుండ వస్త అమ్మా అన్నడు.”

జితేందర్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. “నిన్నెవరు పిల్వమన్నరు? నన్ను అడగొద్దా?”

“అడిగితే నువ్వు మాట్లాడ్తవా?”

అతను లోపలికి వెళ్లి బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు.

“యాడికిరా?” అంది శ్రీవాణి.

“వనపర్తి స్కూల్ల అర్జెంటు పనుంది.”

“పండుగ పూటనా? నాయన రాయి నిలవెట్టేది ఇడ్సిపెట్టి?”

అతను గేటు దాటాడు. స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

* * *

బస్టాపు రేకుల కింద జితేందర్ ఒక్కడే కూర్చున్నాడు. చైత్రమాసపు ఎండ పెళపెళలాడుతోంది. అచ్చంపేట బస్సు ఎప్పుడొస్తుందో అక్కడ ఎవరికీ నమ్మకంగా తెలియదు.

సున్నం బకెట్టు, ఈత కుంచె పట్టుకుని భాగ్యమ్మ వచ్చింది. సమాధుల దొడ్డికి అదే దారి. ఏటా ఈస్టర్ ముందు రోజు ఊళ్లో క్రైస్తవుల ఇళ్ల ఆడవాళ్లంతా తమ తమ సమాధులకు సున్నం వేస్తారు. ఆమె బకెట్టు దించి కొడుకు పక్కన బెంచీ మీద కూర్చుంది.

ఒక మేకల మంద రోడ్డు దాటిపోయింది.

“నేను సిగ్గుపడుతున్న అంటున్నది అక్క,” అన్నాడు జితేందర్ చివరికి. “నిజమే అమ్మా. గని నాయనను చూసి కాదు. నన్ను చూస్కొని.”

భాగ్యమ్మ సున్నంలో కుంచె తిప్పుతోంది.

“నీకొకటి చెప్పాలె. చెప్పినంక నన్ను కొడుకా అని పిల్వకు. ఏమనుకోను.”

“చెప్పు.”

అతను చెప్పాడు. నేల చూస్తూ, ఆగి ఆగి చెప్పాడు.

వనపర్తి దవాఖానలో ఇస్రాయేలు మంచం పట్టి ఉన్న రోజులవి. ఊపిరి ఆడకపోయినా ఆ మనిషి ఊరుకునేవాడు కాదు. వార్డులో పక్క మంచాలవాళ్ల తల మీద చెయ్యి పెట్టి, దగ్గుకుంటూ, పెద్దగా ప్రార్థన చేసేవాడు. మాసిన లుంగీ, చిరుగుల బనీను, మెడలో తాడుకు కట్టిన చెక్క సిలువ. జితేందర్ ఇడ్లీ పొట్లం పట్టుకుని పక్కన నిలబడి ఉండగా కరస్పాండెంట్ సారు తమ చుట్టాన్ని చూడడానికి అదే వార్డుకు వచ్చాడు. జితేందర్‌ను చూసి ఆశ్చర్యపోయి, ‘ఈ ముసలాయన ఎవరయ్యా? వార్డంతా లొల్లి చేస్తున్నాడు. నీకు తెలుసా?’ అన్నాడు.

“నేనేమన్ననో తెల్సా అమ్మా? మా ఊరాయన సార్ అన్న. ఎవరూ లేరంటే జర చూస్కుందామని వచ్చిన అన్న.”

భాగ్యమ్మ చెయ్యి ఆగింది.

“నాయన ఇన్నడు. పక్కనే ఉన్నడు గద, ఇనకుంట ఎట్లుంటడు! ఇని, సారు దిక్కు చూసి చేతులు జోడించి, ‘అవు సారూ, నేను వీళ్ల ఊరోన్ని. ఈ పిల్లగాడు మస్తు మంచోడు. ఈన్ని కన్నోళ్లు ఎవలోగని మంచిగ పెంచిండ్రు’ అన్నడు.” జితేందర్ ఒళ్లో బ్యాగు పట్టీని మెలిపెట్టాడు. “సారు పోయినంక నన్నేమన్న తిట్టిండా అంటే తిట్టలే. ఇడ్లీలకు చట్నీ తెస్తివా అని అడిగిండు. ఆ వారంలనే పోయిండు. మాఫ్ జెయ్యమని నేను ఒక్క మాటన్న అడగకముందే పోయిండు.”

“ఆ సారు నౌకరి తీసేస్తనన్నడా?”

“లేదమ్మా. ఆయన ఏమీ అనలే. ఎవరని అడిగిండు, గంతే. నౌకరి కోసమన్నా అయితే ఒక మాట. నాకు సిగ్గయింది. ఆ లుంగీ చూసి, ఆ ఒర్లుడు చూసి సిగ్గయింది. గా నోటితోని అబద్ధమాడి, గదే నోట్లె రొట్టె ఎట్ల పెట్టుకోను? గా రాయి మీద కొడుకని ఎట్ల రాయించుకోను? కొడుకును కాదని నేనే అంటి గద!”

మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నలుగురు చూస్తారన్న భయం లేకుండా ఏడ్చాడు. ఎన్నాళ్ల ఏడుపో అది.

అంతలో బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. కండక్టరు తల బయట పెట్టాడు. “అచ్చంపేట, అచ్చంపేట! ఎక్కుతవా సారూ?”

“ఎక్కడు బిడ్డా, పోనీ,” అంది భాగ్యమ్మ.

బస్సు వెళ్లిపోయింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్న కొంగు మొహం మీదే ఉంచేసింది.

“నాకు తెల్సురా,” అంది కొంగు చాటు నుంచి.

జితేందర్ తల ఎత్తాడు.

“నేను పొద్దుమూకి బువ్వ తెస్తిని గద ఆ దినం. మీ నాయన చెప్పిండు. ‘పిల్లగాడు నన్ను కాదన్నడు భాగ్యా. అనుకుంట కిందికి చూసిండు. వాని మొహం చూసి నాకు పాణం ఆగలే, నేనే వాని మాటకు సాయమన్న’ అన్నడు. ‘ఎన్నడో ఒకనాడు ఏడ్చుకుంట వస్తడు. అప్పటికి నేనుంటె నేనే చెప్త. లేకుంటె నువ్వు చెప్పు. నేను ఆడనే మాఫ్ జేసిన, వాడు నా కొడుకే అని చెప్పు’ అన్నడు.”

“అమ్మా!”

“నేను చెప్పలే.”

“ఎందుకు చెప్పలేదమ్మా? ఇన్ని దినాలు నేను...”

“చెప్పబుద్ధి కాలే!” భాగ్యమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. “ఆయనకు జాలి ఎక్కువ. నాకు కోపం ఎక్కువ. చచ్చేటోడు గంత సులువుగ మాఫ్ జేస్తే నాకు మండింది. నా మొగున్ని ఊరాయన అంటివి. కన్నోళ్లు ఎవలోగని అన్నదాంట్ల నేను లేనా? నువ్వు బల్ల కాడికెల్లి లేసిపోతుంటే చూసి, కానీ, జర బాధ పడనీ అనుకున్న. చేతులార రొట్టె కాలుస్త, చేతులార తింట, నీకియ్యమన్న మాట మాత్రం కడుపుల దాస్కున్న. ఇప్పుడు చెప్పు, మన ఇద్దరిల ఎవలిది పెద్ద తప్పు?”

ఆమె కొంగు తీయలేదు. కొడుకు ముందు తల్లికి మొహం చెల్లని రోజు కూడా ఒకటి వస్తుందని భాగ్యమ్మ ఎన్నడూ అనుకోలేదు.

జితేందర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యంతా సున్నం.

“నాయన మాఫ్ చేస్తడమ్మా. ఆయన తీరే గంత. దేవుని ముందల నిలవడాలంటే నాకు ధైర్యం చాలుతలేదు.”

“ప్రభువు ఎవలో నాకు తెల్వనే తెల్వదని మంట కాడ కూసోని అన్నోడు, ఆయన శిష్యుడే ఒకడుండె గద. మల్ల ప్రభువు సావుకెల్లి లేసొచ్చి వానికేం జేసిండు? ఒడ్డు మీద చేపలు కాల్చి పెట్టిండు. ముందుగాల తిను అన్నడు. అటెన్కనే అడిగేది అడిగిండు.” భాగ్యమ్మ కొంగు దించింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “నేనైతే ముందుగాల అడుగుతుంటి. అంతదాంక తిననియ్యకపోతుంటి. గందుకే నేను భాగ్యమ్మను, ఆయన ప్రభువు.”

జితేందర్‌కు ఏడుపులోనే నవ్వులాంటిదేదో వచ్చి పోయింది.

“రేపు సారు వస్తడు. ఫొటో చూస్తడు, గుర్తువడ్తడు. నేనేం జెయ్యాలె?”

“నాకేం తెల్సు నాయనా. బకెట్టు బరువున్నది, జర పట్టుకో.”

అతను బకెట్టు అందుకున్నాడు.

* * *

తెల్లవారకముందే పాటలు మొదలయ్యాయి. చిన్న దొడ్డిలో సున్నం వేసిన సమాధులు వరసగా తెల్లగా ఉన్నాయి. పాస్టరు తిరుపతయ్య గారు, ప్రభువు దగ్గరికి వచ్చి ఎన్నో ఏళ్లయినా అమ్మానాన్నలు పెట్టిన పేరు మార్చుకోని మనిషి, కంజర కొడుతూ ముందు నడిచాడు. పొద్దు పొడిచింది. ఇస్రాయేలు తలాపున నల్లరాయి నిలబడింది. దాని ముందు బంతిపూల మాలతో ఫొటో పెట్టారు. మెడలో చెక్క సిలువ, నోటి నిండా నవ్వు.

జితేందర్ తెల్లరంగు డబ్బా, సన్న కుంచె పట్టుకుని రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఖాళీ వరుసలో ‘కుమారుడు’ అని రాశాడు. అక్కడిదాకా చెయ్యి బాగానే నడిచింది. అక్కడ ఆగింది.

“రాయి మరి,” అంది శ్రీవాణి వెనక నుంచి. “పేరు మర్సిపోయినవా?”

అప్పుడే దొడ్డి గేటు దగ్గర కారు ఆగింది.

కరస్పాండెంట్ సారు చేతిలో గులాబీ దండ పట్టుకుని, సమాధుల మధ్య జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చాడు. స్వరూప ఎదురు వెళ్లి నమస్కారం పెట్టింది. ఆయన దండ వేయడానికి ఫొటో ముందు వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

“ఈయనను నేను ఎక్కడో చూసిన,” అన్నాడు. “ఎక్కడబ్బా? ఆ, దవాఖానల. మీ ఊరాయన అంటివి గద జితేందర్?”

జితేందర్ కుంచె నుంచి రంగు చుక్క ఒకటి అతని ప్యాంటు మీద పడింది. తప్పించుకునే దారులు ఎన్ని కనిపించాయో ఆ క్షణంలో! పోలిక అనొచ్చు, మీరు పొరబడ్డారు సార్ అనొచ్చు, ఆయన వేరే అనొచ్చు. నాలుక దాకా వచ్చాయి కూడా. అతను తల్లి వైపు చూశాడు. భాగ్యమ్మ అతన్ని చూడడం లేదు. కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది.

“ఆనాడు అబద్ధం చెప్పిన సార్,” అన్నాడు జితేందర్. లేచి నిలబడ్డాడు. అందరికీ వినబడింది. “మీరడిగితే సిగ్గుపడి ఊరాయన అన్న. ఈయన మా నాయన. నేను ఈయన కొడుకును.”

కంజర ఆగిపోయింది. శ్రీవాణి తమ్ముడిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫొటోను మళ్లీ చూశాడు. “కన్నోళ్లు ఎవరోగాని అన్నడు ఆ దినం,” అన్నాడు తనలో తాను. దండ వేశాడు. జితేందర్ భుజం తట్టలేదు, తిట్టలేదు. వచ్చిన దారినే వెళ్లి కారెక్కాడు.

“సార్‌కు టీ గూడ ఇయ్యలే,” అంది స్వరూప నీరసంగా. “నీ నౌకరి...”

జితేందర్ మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, ‘కుమారుడు’ పక్కన తన పేరు రాశాడు. అక్షరాలు కాస్త వంకరపోయాయి. తుడవలేదు.

* * *

మందిరం కిక్కిరిసింది. శ్రీవాణి ఆడవాళ్ల వైపు చివరి వరుసలో గోడకేసి కూర్చుంది. తమ్ముడి వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఆమె కోపం ఇంకా మొదలు కానేలేదని భాగ్యమ్మకు అర్థమైంది.

పాస్టరు గారు బల్ల మీది తెల్లగుడ్డ తీశాడు. పొద్దున్నే భాగ్యమ్మ కాల్చిన రొట్టె. విరుస్తుంటే అక్కడక్కడా మాడిన మచ్చలు కనిపించాయి. పళ్లెం వరుసలో కదిలింది.

జితేందర్ జేబులో ఫోను మోగింది.

పెద్దగా మోగింది. ఈసారి స్విచ్చాఫ్ చేయడం మరిచిపోయాడు. అందరి తలలూ తిరిగాయి. అలవాటుగా లేచి బయటికి పోతాడని పక్కనున్నవాళ్లు అప్పుడే కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. అతను తీసి చూశాడు. తెర మీద కరస్పాండెంట్ సారు పేరు వెలుగుతోంది.

ఆడవాళ్ల వైపు నుంచి స్వరూప మెడ చాచి చూసింది; ఎవరి ఫోనో ఆమెకు అర్థమైంది. తీస్తే ఏం వినాల్సి వస్తుందో, తీయకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. అతనికీ తెలియదు.

పళ్లెం అతని ముందుకు వచ్చింది.

అతను ఫోనును మోగుతుండగానే చాప మీద బోర్లా పెట్టాడు. చేతుల మీద తెల్లరంగు ఇంకా పోలేదు. ఆ చేతులు లుంగీ కట్టిన తండ్రిని దాచిన చేతులే. వాటిని ఒకసారి చూసుకున్నాడు. సిగ్గు పోలేదు. అయినా చాపాడు.

ఫోను మోగుతూనే ఉంది. జితేందర్ రొట్టె ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.